చిలుము మచ్చ ఉన్న తూటా

నేను ఒక తూటాలో చివరికి మిగిలే భాగాన్ని. గుండు ఎగిరిపోతుంది. మందు కాలిపోతుంది. అడుగున నిప్పు పుట్టించే టోపీ సొట్టపడి పనికిరాకుండా పోతుంది. ఇత్తడి గుల్లను కాబట్టి నేనొక్కదాన్నే మిగులుతాను, పొగవాసన కొడుతూ గడ్డిలో పడి ఉంటాను. గడిమెట్ల పెద్దరాజుగారు వంగి నన్ను ఏరుకుని, లోపలికి ఊది, జేబులో వేసుకునేవారు. జంతువు పడిందా లేదా అన్నది ఆ తరవాత చూసేవారు.

పుట్టింది ఇంగ్లండులో. ఇత్తడి రేకులోంచి బిళ్ళ కోసి, దాన్ని గుద్ది గిన్నె చేశారు, గిన్నెను సాగదీసి గొట్టం చేశారు, గొట్టానికి మెడ నొక్కారు. నడుము కింద చుట్టూ ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంచారు. మామూలు తూటాలకు అది ఉండదు. ఎక్కువ మందు పట్టి, ఎక్కువ దెబ్బ కొట్టే మాగ్నం జాతికే ఆ గుర్తు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు పెద్దరాజుగారి భార్య బంగారయ్యమ్మగారు, "దీనికి మొలతాడు కూడా కట్టారేంటండీ," అన్నారు. ఫ్యాక్టరీలో పెట్టిన పేరుకంటే నాకు ఆ పేరే నచ్చింది.

ఓడలో మద్రాసు వచ్చాను. అక్కడి దుకాణంలో నన్నూ నా తోటివాళ్ళనూ పాత రాజుగారు కొన్నారు. పాపికొండల వెనక గడిమెట్ల ఆయన ఎస్టేటు. కొడుకులిద్దరూ తగువులాడుకోకూడదని ఒకే రకం మాగ్నం రైఫిళ్ళు రెండు కొన్నారు. తగువులు వస్తువుల వల్లే వస్తాయని మనుషులకు గట్టి నమ్మకం.

పాత రాజుగారు పోయారు. ఎస్టేటు ప్రభుత్వం తీసుకుంది. కోట, కొంత భూమి, రెండు రైఫిళ్ళు, వేట లైసెన్సు మిగిలాయి. విదేశీ తూటాలు రావడం ఆగిపోయింది. పెద్దకొడుకు నీలాద్రిరాజుగారు, అంటే మా పెద్దరాజుగారు, దిగులుపడలేదు. పాత కచేరీ గదిలో బల్ల వేయించి, దాని అంచుకు ఒక చేతి ప్రెస్సు బిగించి, పేలిన గుల్లల్ని మళ్ళీ తూటాలు చేయడం మొదలుపెట్టారు.

ఆ పని ఎలా ఉంటుందో నా ఒంటిమీద జరిగింది కాబట్టి చెప్పగలను. చచ్చిన టోపీని సూదితో పొడిచి తీస్తారు. కాల్పుకు ఉబ్బిన ఒంటిని ఉక్కు అచ్చులోకి నెట్టి మళ్ళీ సన్నం చేస్తారు. కొత్త టోపీ తొడుగుతారు. త్రాసులో మందు తూచి కడుపులో పోస్తారు. పైన గుండు దిగ్గొడతారు. ప్రతిసారీ నేను పుట్టి పెరిగి పెళ్ళికి సిద్ధమైనట్టే ఉండేది. ప్రతిసారీ మొలతాడు పైన నా ఒళ్ళు కొంచెం పలచబడేది కూడా. రాజుగారు వంచిన తీగ నా లోపల పెట్టి గోడ తడిమి చూసి, "ఇంకా పనికొస్తుందిలే," అనేవారు.

ఆ ఇంట్లో మందు అనే మాటకు ఒక్కొక్కరికీ ఒక్కో అర్థం. బంగారయ్యమ్మగారికి అది దగ్గుకి. తమ్ముడు జగ్గరాజుగారికి సాయంత్రానికి. పెద్దరాజుగారికి తూటాకి. అందులోనూ రెండు రకాలు, రెండు డబ్బాలు. రైఫిలు మందు చిన్న చిన్న కడ్డీల్లా ఉంటుంది. నిదానంగా కాలి గుండును తోసుకుంటూ పోతుంది. పిట్టల్ని కొట్టే రెండు నాళాల తుపాకి మందు పలచటి రేకుల్లా ఉంటుంది, గబుక్కున మండుతుంది. అది మాగ్నం గుల్లలో పడితే గుండు కదిలేలోపే రైఫిలు చీలుతుంది. దాని వెనక చెంప ఆనించుకున్న మనిషి కూడా మిగలడు. ఈ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. పెద్దరాజుగారికి, ఆయన దగ్గర పని నేర్చుకున్న జగ్గరాజుకి.

పెద్దరాజుగారికి పిల్లలు లేరు. జగ్గరాజుకి ఇద్దరు మగపిల్లలు. ఆస్తి నేడో రేపో తన పిల్లలకే వస్తుందని జగ్గరాజు ధైర్యంగా ఉండేవాడు. ఆ యేడు వానలు వెనకబట్టాక అన్నగారు దత్తత తీసుకోబోతున్నారని ఊళ్ళో గుప్పుమంది. కుర్రాడు బంగారయ్యమ్మగారి పుట్టింటివైపు వాడని, భీమవరం పక్క నుంచి తెస్తారని చెప్పుకున్నారు. పురోహితుడు రెండుసార్లు వచ్చి తలుపు వేయించుకుని మాట్లాడి వెళ్ళాడు. జగ్గరాజు అన్నగార్ని అడగలేదు. అడిగితే అయిపోయేది. అడగడం నామోషీ అనిపించి, దానికంటే పెద్ద పని తలపెట్టాడు.

గడిమెట్లలో విజయదశమి మర్నాడు పారువేట. ఎస్టేటు పోయినా ఆ ఆచారం పోలేదు. అన్నదమ్ములిద్దరూ అడవికి వెళ్ళాలి. తొలి దెబ్బ పెద్దవాడిది. పెద్దవాడి బెల్టులో తూటాలు అమర్చడం చిన్నవాడి వంతు. ఆ వేట కోసం పెద్దరాజుగారు కొత్తగా తూటాలు కట్టి, చెక్క పళ్ళెంలో తలకిందులుగా నిలబెట్టారు. నేను వాటిలో లేను. ఖాళీగా పెట్టెలో ఉన్నాను.

మధ్యాహ్నం భోజనం చేసి అన్నగారు కునుకు తీస్తుండగా జగ్గరాజు కచేరీ గదిలోకి వచ్చాడు. పెట్టెలో వెతికి నన్ను ఎంచుకున్నాడు. కారణం నా అడుగున ఉన్న చిలుము మచ్చ. ఎప్పుడో తోలు బెల్టులో వానకు నాని పట్టిన పచ్చటి మచ్చ అది. చూడగానే గుర్తుపట్టవచ్చు. ఎవరైనా అడిగినా చిలుము చిలుమే, ఎవరో పెట్టిన గుర్తు అనరు. తెలివైన ఎంపికే. టోపీ తొడిగి, రేకుల మందు పోసి, గుండు దిగ్గొట్టి, పళ్ళెంలోంచి ఒక మంచి తూటాను తీసి నన్ను ఆ చోట నిలబెట్టాడు. పారువేట నాడు నన్ను అన్నగారి బెల్టులో ముందు గడిలో పెట్టాలి. మిగిలింది అన్నగారే చేసుకుంటారు.

ప్రాణం తీయడం నాకు కొత్త కాదు. దుప్పులు, పందులు, ఒక చిరుత నా లెక్కలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ నన్ను కట్టిన మనిషి ప్రాణం కోసమే నన్ను కట్టడం మాత్రం మొదటిసారి. అయినా గుల్ల అభిప్రాయం ఎవరూ అడగరు.

ఆయుధపూజకు పళ్ళెం లోగిట్లోకి వెళ్ళింది. పెద్దరాజుగారు కోవెల పనిమీద బయటికి వెళ్ళారు. దేవుడి సామాను, దీపపు సెమ్మెలు, బిందెలు అన్నీ పెరట్లో చింతపండు పెట్టి తోముతున్నారు. బంగారయ్యమ్మగారి కళ్ళు మా మీద పడ్డాయి. ఇత్తడి కదా. అమ్మవారి ముందు మట్టిగొట్టుకుపోయి ఉంటే ఏం బావుంటుంది అనుకున్నారు. పనిమనిషి చేత మా అందరి అడుగులూ చింతపండు గుజ్జుతో రుద్దించి, తడిగుడ్డతో తుడిపించి, ఎండలో ఆరబెట్టించారు. తరవాత ఆవిడే కూర్చుని ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు పెట్టారు. నా వంతు వచ్చినప్పుడు కూడా ఆవిడ వేలు మెత్తగానే ఉంది.

అన్నదమ్ములిద్దరూ పూజకు వచ్చి చూశారు.

"లోడు చేసిన తూటాల్ని చింతపండుతో తోమించావా?" అన్నారు పెద్దరాజుగారు.

"బంగారంలా మెరవట్లేదూ? మీరు మందు తూచడమే గాని ఒక్క యేడన్నా వీటి మొహం కడిగారా?" అన్నారు ఆవిడ.

ఆయన నవ్వారు. జగ్గరాజు నవ్వలేదు. వంగి పళ్ళెమంతా వెతుకుతున్నాడు. అన్నీ ఒకే మెరుపు, అన్నిటికీ ఒకటే ఎర్రబొట్టు. చిలుము మచ్చ పెరట్లో చింతపండు పిప్పితో పాటు పోయింది. తన చేత్తో కట్టిన తూటా ఏదో ఇప్పుడు అతనికే తెలియదు. ఒకదాని బొట్టు మీదికి బొటనవేలు పోనిచ్చాడు.

"బొట్టు చెరపకండి మరిదిగారూ," అన్నారు బంగారయ్యమ్మగారు. "అవి మీ అన్నయ్యగారి చేతిలోకి వెళ్ళేవి."

అతను వేలు వెనక్కి తీసుకున్నాడు.

పారువేట పొద్దున బెల్టులు అమర్చడానికి జగ్గరాజు కంటే ముందే వదినగారు కూర్చున్నారు. పూజ చేసినవి పూజ చేసిన చేత్తోనే ఇవ్వాలన్నారు. పళ్ళెంలోంచి చేతికొచ్చినవి తీసి ఒకటి ఇటు, ఒకటి అటు రెండు బెల్టుల్లోనూ పెట్టేశారు. జగ్గరాజు తనకు కడుపులో నొప్పిగా ఉందన్నాడు. వాముతో కషాయం ఇచ్చారు. పాత విదేశీ తూటాలు రెండు మిగిలినట్టున్నాయి, అవి పట్టుకెళదామన్నాడు. పూజ చేసినవి ఇంట్లో పెట్టి పూజ లేనివాటితో పారువేట ఏమిటని అన్నగారు మందలించారు. దారంతా ఎద్దుబండిలో కూర్చుని జగ్గరాజు ఒకటే నిర్ణయించుకున్నాడు. ఏం వచ్చినా తాను పేల్చడు. పేల్చేది అన్నగారే. దెబ్బ మీద దెబ్బ వేస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ తూటా వంతు వస్తుంది. రాకపోతే తన బెల్టులోవన్నీ తిరుగుదారిలో గోదాట్లో కలిపేస్తాడు.

అతను ఆ మాట అనుకునేటప్పుడు నేను అతని నడుముకే ఉన్నాను. అతని గుండె చప్పుడు తోలులోంచి వినిపిస్తోంది.

అడవిలో వాగు ఒడ్డున ఇద్దరూ ఒక బండరాయి వెనక నిలబడ్డారు. అడవి జంతువుల్ని తోలించే పెద్ద కొండరెడ్డి తెగవాడు, పేరు బుల్లిరెడ్డి. మనుషుల్ని డప్పులతో గట్టు అవతలికి పంపి తాను అన్నదమ్ముల వెనక కూర్చున్నాడు. ఇద్దరూ రైఫిళ్ళలో తూటా ఎక్కించుకున్నారు. జగ్గరాజు బెల్టు ముందు గడిలో ఉన్నది నేను. చేతికి అందినదాన్ని తీసి ఎక్కించాడు. ఎలాగూ పేల్చబోవడం లేదు కదా.

డప్పులు ఇంకా దూరంగా ఉన్నాయి. పెద్దరాజుగారు గొంతు తగ్గించి మాట్లాడారు.

"తమ్ముడూ, దశమి దాటేదాకా బయటపెట్టొద్దని పంతులుగారు ఒట్టేయించుకున్నారు. ఇప్పుడు అడగొచ్చు. నీ రెండోవాణ్ణి నాకిస్తావా?"

జగ్గరాజుకి అర్థం కాలేదు. "మావాణ్ణాండీ?"

"పెద్దవాణ్ణి దత్తు అడక్కూడదు. అందుకని రెండోవాడు. నా తరవాత ఉన్నదంతా వాడిదే. మీ వదిన ఇప్పటికే వాడికి ఉయ్యాలబల్ల దులిపించింది." కాసేపాగి అన్నారు. "ఊళ్ళో వాళ్ళు భీమవరం కుర్రాడంటున్నారట. నువ్వు నమ్మలేదుగా?"

"లేదండి," అన్నాడు జగ్గరాజు.

మనిషి మొహం అంత తొందరగా రంగు మారడం నేను రైఫిలు గొట్టంలోంచి చూడలేదు గాని, తుపాకి పట్టుకున్న చెయ్యి చెప్పింది. చెమటకు రైఫిలు చెక్కపిడి జారుతోంది. క్షణం కిందటిదాకా అన్నగారు ఎప్పుడు పేలుస్తారా అని ఎదురుచూసినవాడికి ఇప్పుడు అన్నగారి వేలు మీటకు తగలకుండా ఆపాలి. అది కూడా ఎందుకో చెప్పకుండా.

తూటాలకు చింతపండు నీళ్ళు తగిలాయని, నమ్మకం లేదని, ఇవాళ్టికి వేట మానేద్దామని బతిమాలాడు. మంచి సాకే.

"నేను కట్టిన తూటా గోదాట్లో ముంచి తీసినా పేలుతుంది," అన్నారు అన్నగారు.

"దిగతంది బాబూ," అన్నాడు వెనకనుంచి బుల్లిరెడ్డి.

ఒంటి అడవిదున్న. మందలోంచి తరిమేసిన ముసలిది. మోకాళ్ళదాకా తెల్లగా, పైన నల్లగా, డప్పుల మీది కోపమంతా మొహంలో పెట్టుకుని నేరుగా వాగులోకి దిగింది. బండరాయి కేసి తల తిప్పింది. పెద్దరాజుగారు రైఫిలు భుజానికి ఎత్తి చెంప ఆనించారు.

జగ్గరాజు ముందు రెండు దారులున్నాయి. నిజం చెప్పడం ఒకటి. దానికి ఒక్క మాట చాలు. అతను రెండోది ఎంచుకున్నాడు. అన్నగారి గొట్టానికి అడ్డంగా అడుగు ముందుకు వేసి, తన రైఫిలు ఎత్తి, తానే ముందు మీట నొక్కాడు. తన రైఫిలులో ఉన్నది ఏ తూటాయో తెలియకుండానే నొక్కాడు. తాను దున్నను కొడితే అన్నగారు పేల్చనక్కర్లేదు. తన చేతిలోనే చీలితే అదీ లెక్క సరిపోయినట్టే. ఆ క్షణంలో అతను ఏమనుకున్నాడో నేను ఇంతకంటే చెప్పలేను. మనుషులు మంచిపని చేసేటప్పుడు కూడా నిజం చెప్పకుండా చేయాలనే చూస్తారు.

సూది నా టోపీని కొట్టింది.

టక్కుమంది. అంతే.

టోపీలోకి చింతపండు నీళ్ళు దిగాయి. నిప్పు పుట్టలేదు. నా కడుపులో రేకులు అలాగే పడుకుని ఉన్నాయి. దున్న తల దించుకుని నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చేస్తోంది. పెద్దరాజుగారు తమ్ముణ్ణి మోచేత్తో పక్కకు నెట్టి పేల్చారు. జగ్గరాజు కళ్ళు మూసుకున్నాడు. కొండలు దద్దరిల్లాయి. కళ్ళు తెరిచేసరికి దున్న ముందుకాళ్ళ మీద కూలి ఉంది. అన్నగారి మొహం అన్నగారి మొహంలాగే ఉంది.

జగ్గరాజు రైఫిలు తెరవబోయాడు.

"తెరవకు," అన్నారు పెద్దరాజుగారు. "ఆలస్యంగా పేలొచ్చు. గొట్టం నేలకి పట్టుకుని ఉండు."

పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో ఇనుప గోడ తప్ప అతనికీ నాకూ ఏమీ అడ్డం లేదు. పేలనిది తాను కట్టిందేనేమోనని అతనికి అప్పటికే తోచింది. బుల్లిరెడ్డి నెమ్మదిగా లేచి దున్నను కర్రతో పొడిచి చూసి వెనక్కి వచ్చాడు.

"చినబాబుగారికి దున్న మీద కోపమో, పెద్దబాబు మీద కోపమో తెలవలేదు," అన్నాడు నవ్వుతూ. "అడ్డంగా ఎల్లిపోయారు."

చాలాసేపయ్యాక అన్నగారు తన చేత్తో తమ్ముడి రైఫిలు తెరిచారు. నేను ఆయన అరచేతిలో పడ్డాను. పారేయండి అన్నాడు జగ్గరాజు. ఆయన జేబులో వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న కచేరీ గదిలో భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు పెద్దరాజుగారు. తూటా కట్టడం పూర్తయ్యాక ఆయన ఇంకో పని చేసేవారు. సన్నటి కుంచెతో టోపీ చుట్టూ లక్కనీళ్ళు ఒక్క గీత గీసేవారు. తడి లోపలికి పోకుండా అది బిగుస్తుంది. కంటికి ఆనదు, భూతద్దంలోనే కనిపిస్తుంది. జగ్గరాజు దాన్ని అన్నగారి చాదస్తం కింద జమకట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు. నన్ను కట్టిన మధ్యాహ్నం కూడా పట్టించుకోలేదు. చింతపండు నీళ్ళకు మిగతావన్నీ బతికి నేనొక్కదాన్నే చచ్చింది అందుకే.

ఆయన నా అడుగున బొట్టు తుడిచి చూశారు. లక్క గీత లేదు. మళ్ళీ చూశారు. తరవాత గుండు ఊడబీకి నా కడుపులోది తెల్లకాగితం మీద పోశారు. పలచటి రేకులు. కిటికీలోంచి వెలుతురు కాగితం మీదుగా జరిగి బల్ల అంచుకు వచ్చింది. అప్పుడు తమ్ముణ్ణి పిలిపించారు.

జగ్గరాజు గుమ్మంలోనే కాగితం చూశాడు. కూర్చోమంటే కూర్చున్నాడు.

"పొరపాటు జరిగిపోయింది తమ్ముడూ," అన్నారు పెద్దరాజుగారు. "డబ్బాలు రెండూ పక్కపక్కన పెట్టాను. దీంట్లో పిట్టల తుపాకి మందు పోసేశాను. నిన్న అది పేలి ఉంటే నేను నిన్ను చంపినవాణ్ణే."

ఆయన రేకుల్ని వేలితో ఒక్కచోటికి కుప్ప చేశారు.

"వయసైపోయింది. ఇక ఈ పని చెయ్యను. నువ్వూ చెయ్యకు." ఆయన కాగితాన్ని మడిచారు. "నన్ను క్షమించానని ఒక్కమాట అను."

"అన్నయ్యగారూ, అంత మాట..."

"ఎల్లుండి నీ కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. ఆ మాట నీ నోటి వెంట రాందే నేను వాణ్ణి ఎత్తుకోలేను. అను."

ఆయన గొంతులో కోపం లేదు. భూతద్దం ఇంకా చేతిలోనే ఉంది. ఆయనకు అంతా తెలుసు. తెలిసిందని నోటితో అంటే తమ్ముడు దూరమవుతాడు, తమ్ముడితో పాటు పిల్లవాడూ దూరమవుతాడు. అందుకని నేరం తన నెత్తిన వేసుకుని, శిక్ష మాత్రం తమ్ముడికి వేశారు.

"క్షమించాను," అన్నాడు జగ్గరాజు. ఆ ఒక్క ముక్క పలకడానికి అతను పడ్డ అవస్థ, నిన్న మీట నొక్కడానికి పడలేదు.

పెద్దరాజుగారు నన్ను అతని చేతిలో పెట్టారు. "ఉంచుకో," అని భోజనానికి లేచారు.

దత్తత జరిగింది. ప్రెస్సు మీద గోనె కప్పారు. రైఫిళ్ళు రెండూ తరవాత ఎప్పుడో సర్కారుకు అప్పగించారు. అన్నదమ్ములు చివరిదాకా ఒకే పంక్తిలో భోంచేశారు. ఊళ్ళో వాళ్ళు వాళ్ళను చూపించి తమ కొడుకులకు బుద్ధి చెప్పేవారు. పెద్దరాజుగారు మంచాన పడ్డప్పుడు జగ్గరాజు ఆయన పక్కన కూర్చుని, గదిలో ఎవరూ లేకుండా చూసి, ఏదో చెప్పబోయాడు. పెద్దరాజుగారు తల అడ్డంగా తిప్పారు. వద్దన్నారో, అక్కర్లేదన్నారో, నన్ను జేబులో పెట్టుకున్న మనిషికే తెలియలేదు. ఆయన పోయాక ఇంకెవరికీ చెప్పే వీలు లేకుండా పోయింది.

జగ్గరాజు కూడా పోయాక ఇంట్లో పాత ఇత్తడంతా మూటగట్టి అమ్మేశారు. ఇప్పుడు రాజమండ్రిలో ఒక పాత సామాన్ల దుకాణంలో, చిల్లు పడ్డ బిందెకీ చెయ్యి విరిగిన గరిటెకీ మధ్యన ఉన్నాను. కొలిమి వెనక వీధిలోనే ఉందట. గ్లాసునవుతానో, గంటనవుతానో, తలుపు గొళ్ళాన్నవుతానో నాకు తెలియదు. ఏదైనా నాకు ఒకటే.

నిన్న దుకాణం ఆయన నన్ను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. నా అడుగున చచ్చిన టోపీ ఇంకా అలాగే ఉంది. దాని మీద సూది దిగిన గుంట చూపించి పక్కవాడితో, "కొట్టారు గానీ పేల్లేదు రా," అన్నాడు.

పక్కవాడు ఆవులించాడు. నన్ను త్రాసులో పడేశారు.